వర్చువల్ టూర్ చూపించి పెద్దవాళ్ల ఓపికను అంచనా వేయొచ్చా?

కిటికీ సీటు: అమ్మను దూరప్రయాణానికి తీసుకెళ్లాలని ఉంది. ముందు వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు తొడుక్కునే తెర) పెట్టి ఆ చోట్లన్నీ చూపిద్దాం, అలసిపోకుండా చూస్తే ప్రయాణం చేయగలదన్నట్టే అంటాడు అన్నయ్య. నాకు నమ్మకం కుదరడం లేదు. మీరేమంటారు?

నడకరి: అది పరీక్షే కాదండీ. కుర్చీలో కూర్చుని చూస్తుంటే మోకాళ్ల మీద బరువు పడదు, ఆయాసం రాదు. రోమ్‌లో సెయింట్ పీటర్స్ గుమ్మటం పైకి 551 మెట్లు. తెర మీద అవి క్షణంలో అయిపోతాయి. పెరూలో కొండల మీది మాచు పిచ్చు శిథిలాలు చూడాలంటే చాలామంది ముందు కుస్కో నగరంలో దిగుతారు, అది దాదాపు 3,400 మీటర్ల ఎత్తు. 2,500 దాటితే కుర్రాళ్లకే తలనొప్పి, వాంతులు రావచ్చు. ఆ పల్చటి గాలి హెడ్‌సెట్‌లో ఎలా తెలుస్తుంది? దీనికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. కళ్లకు కదలిక కనిపిస్తుంది, లోపలి చెవికి మాత్రం అందదు. దాంతో కొందరికి కళ్లు తిరుగుతాయి. అంతమాత్రానికే, శుభ్రంగా నడవగల మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఎంత అన్యాయం!

మేఘమాల: మరీ కొట్టిపారేయకండి. మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ ఉందా, దారి ఎగుడుదిగుడు రాళ్లతో ఉందా, మధ్యలో కూర్చునే చోటు ఉందా, ఇవన్నీ 360 డిగ్రీల చిత్రాల్లోనే తెలుస్తాయి. మా నాన్నగారు అలా చూసే, ఒక కోట వద్దని తనే తేల్చేశారు.

నడకరి: దారి ఎలాంటిదో తెలుసుకోవడానికి చూడండి, నేనూ చూడమంటాను. మనిషిని చూడటానికి వేరే పద్ధతులున్నాయి. కుర్చీలోంచి లేచి, మామూలు వేగంతో 3 మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. డాక్టర్లు 6 నిమిషాల నడక పరీక్ష కూడా చేయిస్తారు. గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే ప్రయాణం చేయొచ్చా లేదా అన్నది వాళ్లే చెప్పాలి.

కిటికీ సీటు: ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చూపిస్తే?

నడకరి: హెడ్‌సెట్‌తో మాత్రం వద్దు, పడిపోతారు. ఎదురుగా టీవీ పెట్టుకుంటే అలవాటుకు మంచిదే. కానీ ట్రెడ్‌మిల్ మీద సంచి మోయరు, రాళ్ల మీద తడబడరు. నిజమైన మెట్లెక్కించండి, మర్నాడు మళ్లీ ఎక్కించండి. రెండో రోజు కాళ్లు ఎలా ఉన్నాయన్నదే నాకు ముఖ్యం, టూర్‌లో రోజూ తిరగాలి కదా.

మేఘమాల: క్యూలో నిలబడటం కూడా చూసుకోండి. నడవగలిగినా కదలకుండా నిలబడలేని వాళ్లుంటారు. ఏ వర్చువల్ టూర్‌లోనూ క్యూ ఉండదు, ఆ విషయంలో మాత్రం నేను నడకరి గారి పక్షమే.