అప్‌డేట్: పై అధికారి ఆర్డర్‌ను కాదనొచ్చా?

సైన్యంలో పై అధికారి చట్టవిరుద్ధమైన ఆర్డర్ ఇస్తే కాదనొచ్చా, కాదంటే నాకేమవుతుంది అని మొన్న అడిగాను కదా. ఒక మిలిటరీ లాయరుతో మాట్లాడాను. టెన్షన్ సగమే తగ్గింది.

లొంగిపోయినవాళ్లనో, మామూలు జనాన్నో కాల్చమంటే అది తప్పని ఎవరికైనా తెలుస్తుంది. పాటిస్తే శిక్ష మనకూ పడుతుంది. 1968లో వియత్నాంలోని మై లాయ్‌లో గ్రామస్థులను చంపిన కేసులో అమెరికా లెఫ్టినెంట్ క్యాలీ 'పైవాళ్లు చెప్పారు' అన్నా 1971లో దోషిగా తేలాడు. (తర్వాత శిక్ష బాగా తగ్గించారు, అది వేరే బాధ.)

చిక్కంతా అంత స్పష్టంగా లేని ఆర్డర్లతోనే. మామూలుగా ఆర్డర్ చట్టబద్ధమనే అనుకుంటారు. కాదన్నాక మన అంచనా తప్పని తేలితే కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) దాకా పోవచ్చు. 'నాకు నచ్చలేదు' అంటే కుదరదట. అనుమానముంటే ముందు ఆర్డర్‌ను మళ్లీ స్పష్టంగా చెప్పమని అడగమన్నారు. అలా అడగడానికే నాకు గుండె దడ.