మంచుచరియల సూచనలో మూడు రంగులు: దేన్ని చూడాలి?

కొత్త బాటసారి: సాయంత్రం నుంచి, అమెరికాలోని వాషింగ్టన్ కొండలకు మంచుచరియల ప్రమాదం చెప్పే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ సూచన ముందు కూర్చున్నాను, అంతు చిక్కడం లేదు. శిఖరాల ఎత్తుకు నారింజ, అంటే ఐదులో మూడో స్థాయి; మధ్య ఎత్తుకు పసుపు, రెండు; కింది ఎత్తుకు ఆకుపచ్చ, ఒకటి. పక్కన గుండ్రటి బొమ్మ, అందులో ఉత్తరం, తూర్పు గళ్ళకే రంగు. ఐదులో మూడంటే సగం ప్రమాదమే కదా? మేము అంత ఎత్తుకు పోము. శనివారం పిల్లలతో వెళ్ళవచ్చా?

రెడ్‌మండ్ వాసి: ఎక్కడికి?

పాత స్కీయరు: ముందు మీ దగ్గర బీకన్ (మంచులో పూడినవారిని వెతికే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కర్ర), పార ఉన్నాయా? పూడిపోయినవారిని మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటితే ఆశ బాగా తగ్గుతుంది. సహాయక దళం అంత త్వరగా రావడం కష్టం, వెంట ఉన్నవారే తవ్వాలి. బీకన్ కొని సంచిలో పడేస్తే చాలదు, వాడడం నేర్చుకోవాలి. ఫోను దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, వెతికేటప్పుడు 50.

కొత్త బాటసారి: స్కీయింగ్ కాదండీ, ఉత్త నడక. నా ప్రశ్న రంగుల గురించి.

కొండగాలి: మూడు సగం కాదు. రెండో స్థాయిలో చరియ దానంతట అదే విరగడం అరుదు, మనిషి బరువుకు విరగవచ్చు. మూడులో దానంతట అదే విరగవచ్చు, మనిషి అడుగుపెడితే విరిగే అవకాశమే ఎక్కువ. నాలుగు, ఐదు ఉంటే జనం ఇంట్లో ఉంటారు, మూడుకు బయలుదేరతారు. స్విట్జర్లాండ్‌లో మంచుచరియల మరణాల్లో పెద్ద భాగం మూడో స్థాయి రోజుల్లోనే.

లెక్కల మాస్టారు: ఐదు మెట్లలో నడిమిది మూడే కదా. సగం అనడంలో తప్పేముంది?

కొండగాలి: మెట్లు సమానంగా లేవు మాస్టారూ. ఒక్కో మెట్టుకూ ప్రమాదం రెట్టింపుకు పైగానే పెరుగుతుందనుకోండి.

లెక్కల మాస్టారు: అలాగైతే అంకెలు వేయడమే తప్పు.

చరిత్ర ప్రియుడు: ఈ కొండల్లోనే, స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్‌లో 1910 మార్చి 1న మంచుచరియ ఆగి ఉన్న రైళ్ళను లోయలోకి తోసేసింది, 96 మంది పోయారు. వాళ్ళెవరూ కొండ ఎక్కలేదు, పట్టాల మీదే ఉన్నారు. అమెరికాలో అంతకంటే ఘోరమైనది లేదు. ఆ పాత రైలుమార్గం ఇప్పుడు నడకదారి, వేసవిలో తప్పక చూడండి.

రెడ్‌మండ్ వాసి: మళ్ళీ అడుగుతున్నాను. ఎక్కడికి?

కొత్త బాటసారి: ఆల్పెంటల్ స్కీ స్థలం దగ్గర స్నో లేక్ చెరువుకు పోయే దారి. అందరూ వెళ్ళేదే.

రెడ్‌మండ్ వాసి: శనివారం వద్దు.

కొండగాలి: ఇది మొదటే చెప్పవలసిందండీ. ఆ దారి చరియలు దిగే కొండవాలుల కిందుగా పోతుంది. ఆకుపచ్చ మీరు నడిచే ఎత్తుకు, నారింజ మీ తల మీదున్న వాలుకు. చరియ పైన విరిగి కిందికే వస్తుంది. ఆ గుండ్రటి బొమ్మలో లోపలి వలయం శిఖరాల వైపు, బయటిది అడవి వైపు. రంగున్న గళ్ళు ఏ దిక్కు వాలులో సమస్య ఉందో చెబుతాయి. 30 నుంచి 45 డిగ్రీల వాలు పైన కనిపిస్తే దాని కిందా నిలబడకండి. పిల్లలతో అయితే గోల్డ్ క్రీక్ చెరువు చుట్టూ తిరగండి, లోయలోకి లోతుగా పోకండి. శుక్రవారం సాయంత్రం కొత్త సూచన వస్తుంది, అది చూసే బయలుదేరండి.

కొత్త బాటసారి: సరే, చెరువుకే వెళతాం. ధన్యవాదాలు.

పాత స్కీయరు: అక్కడ కారు నిలపాలంటే స్నో పార్క్ అనుమతి, అంటే చలికాలపు పార్కింగ్ అనుమతి, ముందే కొనాలి.

లెక్కల మాస్టారు: ఒక్క రోజుకు ఇస్తారా?