ఈ-సిగరెట్: మొదటి ఆర్‌టీఏకి (కాయిల్ మనమే చుట్టుకునే ట్యాంకు) ఏ మాడ్ (బ్యాటరీ ఉండే భాగం) కొనాలి?

ప్రశ్న: లెస్టర్‌లో ఉంటాను, వయసు 34. పదకొండేళ్ల సిగరెట్ మాని ఎనిమిది నెలలుగా పాడ్ (చిన్న ఈ-సిగరెట్) మీద ఉన్నాను. వారానికో కాయిల్ (ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట) మాడిపోతోంది. ఇక నేనే చుట్టుకుందామని ఉంది. ఫ్రెండ్ తన పాత మెకానికల్ మాడ్ ఊరికే ఇస్తానంటున్నాడు. తీసుకోనా?

జవాబు: వద్దు తమ్ముడూ, ఊరికే ఇచ్చినా వద్దు. అందులో షార్ట్ అయితే ఆపే సర్క్యూట్ ఉండదు, భారమంతా బ్యాటరీ మీదే. ఆ సర్క్యూట్ ఉండే రెగ్యులేటెడ్ మాడ్ తీసుకో. నేను మొదట చుట్టిన కాయిల్ కాలు (తీగ కొస) డెక్‌కి, అంటే కాయిల్ బిగించే పీఠానికి తగిలింది. స్క్రీన్ మీద షార్ట్ అని చూపించి ఆగిపోయింది, అంతే.

పాడ్ అలవాటు కాబట్టి సింగిల్ కాయిల్ ఎంటీఎల్ (సిగరెట్‌లా ముందు నోట్లోకి లాగి పీల్చే రకం) ఆర్‌టీఏ చాలు. 28 గేజ్ కాంథల్ తీగని 2.5 మి.మీ. రాడ్ మీద ఆరు చుట్లు చుట్టు, దాదాపు 1.1 ఓమ్ వస్తుంది. 12, 13 వాట్లతో మొదలుపెట్టు. చుట్టడం తేలికే, ఏడిపించేది కాయిల్‌కి ద్రవం అందించే దూది. ఎక్కువైతే మాడు వాసన, తక్కువైతే లీకు. ఆఫీసు మీటింగ్‌లో నా ప్యాంటు జేబు తడిసి, పుదీనా వాసనతో గంటసేపు కూర్చున్నాను!

ఇంకో జవాబు: మాడ్‌లో వేసే 18650 రకం బ్యాటరీ పైతొడుగు చిరిగితే వాడొద్దు. తాళాలతో కలిపి జేబులో అసలే వేయొద్దు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా. సంక్రాంతికి గుంటూరు వెళ్తున్నా, వెంట తీసుకెళ్లనా?

జవాబు: ఇక్కడే వదిలెయ్. ఇండియాలో 2019 చట్టంతో ఈ-సిగరెట్ల దిగుమతి, అమ్మకం నిషేధం.