తతెయామా స్థలపురాణం: వేటకెళ్లింది తండ్రా, కొడుకా?

— జపాన్‌లోని తతెయామా కొండ స్థలపురాణం తెలుగు చేస్తున్నానండీ. ఒక ప్రతిలో కొండను ఆరాధనకు తెరిచిన ఆద్యుడు సయెకి అరివాక. ఇంకోదాంట్లో ఆయన కొడుకు అరియోరి. లేఖకదోషమే కదా, ఒకే పేరు పెట్టేయనా?

— పెట్టకండి. జపాన్ లిపిలో రెండు పేర్లకూ మొదటి అక్షరం ఒకటే, నిజమే. రెండో అక్షరాలు మాత్రం ఒకదాన్ని చూసి ఇంకోటి రాసేంత దగ్గరివి కావు. పైగా మారింది పేరొక్కటే కాదు, కథ నడక. పాత పాఠం 'ఇరోహా జిరుయిషో' పది సంపుటాల ప్రతిలో ఉంది. అది నిఘంటువు! స్థలపురాణం అక్కడ దొరకడం మనకు వింతే. అందులో తతెయామా ఉన్న ఎచ్చూ సీమకు పాలకుడైన అరివాకే స్వయంగా డేగ వేటకు వెళ్తాడు. డేగ ఎగిరిపోతుంది. వెతుకుతుంటే ఎలుగుబంటి ఎదురవుతుంది, బాణం వేస్తాడు. బాణం దిగిన ఎలుగు కొండెక్కి బంగారు అమితాభ బుద్ధుడవుతుంది. 1712 నాటి విజ్ఞానకోశం 'వకాన్ సన్సాయి జుయే'కి వచ్చేసరికి డేగ తండ్రిది, పోగొట్టింది కొడుకు. నాన్న డేగ పోయిందన్న భయం చేరింది, కథకు ఊపొచ్చింది. చెయ్యి జారి రాసింది కాదిది, తెలిసి మార్చిందే అని నా నమ్మకం.

— మరి 701లో కొండను ఆరాధనకు తెరిచారంటారే?

— ఆ సంవత్సరం కొడుకు కథతో వచ్చేది. 905 నాటి ఒక పత్రంలో ఎచ్చూ పాలకుడి హోదాతో సయెకి అరివాక పేరు కనిపిస్తుంది. పత్రంలోని అరివాకా కథలోని అరివాకా ఒకరే అయితే రెండొందల ఏళ్లు తేడా! 747లో అక్కడే పాలకుడిగా ఉన్న ఒతొమొ నొ యకమొచి తతెయామా మంచు మీద పద్యాలు చెప్పాడు, అవి 'మన్యోషూ' అనే ప్రాచీన పద్య సంకలనంలో ఉన్నాయి. వాటిలో ఎలుగూ లేదు, అరివాకా లేడు. తమాషా ఏంటంటే, తన డేగ తప్పించుకుపోయిందని బాధపడుతూ అదే ఏడు ఆయన వేరే పద్యమూ చెప్పాడు. స్థలపురాణంలోని డేగకు బీజం అక్కడుందేమో అనిపిస్తుంది గానీ, పట్టుబట్టి చెప్పను.

— అయితే నిఘంటువు పాఠాన్ని మూలంగా పెట్టుకుని, అరియోరి కథను అధోజ్ఞాపికలో ఇస్తాను.

— అధోజ్ఞాపికలోకి నెట్టకండి సార్. కొండ కింది అషికురాజి ఊరి పూజారులు 'తతెయామా మండల' అనే చిత్రపటాలు (కొండనూ దాని కథనూ చూపే బొమ్మలు) ఊరూరా తిప్పి కథ చెప్పేవారు. ఆ పటాల్లో ఎలుగు వెంటపడేది అరియోరే. జనం విన్నదీ ఆ కథే. రెండు పాఠాలూ విడివిడిగా, పూర్తిగా అచ్చు వేయండి.