ఆక్రా రాజద్రోహం కేసులో అజికివే ఎలా బయటపడ్డారు?

ప్రశ్న: నైజీరియా జాతీయవాద నేత, పాత్రికేయుడు నమ్‌డి అజికివేకు 1936లో ఆక్రాలో (నేటి ఘనా) రాజద్రోహం కేసులో శిక్ష పడింది కదా, మరి 1937లోనే లాగోస్‌లో ‘వెస్ట్ ఆఫ్రికన్ పైలట్’ పత్రిక ఎలా పెట్టగలిగారు?

జవాబు 1: అప్పీలులో శిక్ష నిలవలేదండి. ఆక్రా పత్రిక ‘ఆఫ్రికన్ మార్నింగ్ పోస్ట్’లో, రాజద్రోహమన్న ఆ వ్యాసం రాసింది సియెర్రా లియోన్ కార్మిక నాయకుడు వాలెస్-జాన్సన్. సంపాదకుడిగా అజికివేకు ఆరు నెలల జైలు, 50 పౌండ్ల జరిమానా వేశారు. వ్యాసం అచ్చయిన రోజున సంపాదకుడు ఆయనేనని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయింది, అందుకే కొట్టేశారు. వ్యాసంలో తప్పు లేదని మాత్రం కోర్టు అనలేదు. వాలెస్-జాన్సన్ ప్రివీ కౌన్సిల్ (వలసలకు లండన్‌లోని చివరి అప్పీలు కోర్టు) దాకా వెళ్లి ఓడిపోయారు. ఆయన్ని అందరూ మరచిపోవడం అన్యాయం.

జవాబు 2: పైలట్‌నూ వలస ప్రభుత్వం వదల్లేదు. 1945 సార్వత్రిక సమ్మెను సమర్థించినందుకు నిషేధించారు.

జవాబు 3: రాజకీయాల్లో అసలు దెబ్బ 1951లో తగిలింది. లాగోస్ నుంచి గెలిచినా నైజీరియా పశ్చిమ ప్రాంత శాసనసభలో ప్రతిపక్షంలోనే కూర్చోవాల్సి వచ్చింది. తూర్పు ప్రాంతానికి మారాక, 1954లో అక్కడ ప్రీమియర్ (ప్రాంతీయ ప్రభుత్వాధినేత) అయ్యారు.