థాయ్‌లాండ్‌లో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం: టూరిస్టుగా వచ్చేయమంటున్నారు, వెళ్లొచ్చా?

ఖమ్మం_టీచరమ్మ:

అందరికీ నమస్కారం. ఎం.ఏ. ఇంగ్లీష్, బి.ఎడ్., ప్రైవేటు స్కూల్లో ఆరేళ్ల సర్వీసు ఉంది. థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతంలో ఒక ప్రభుత్వ హైస్కూలుకని ఏజెన్సీ ద్వారా ఆఫర్ వచ్చింది. నెలకు 28,000 బాత్, పది నెలల కాంట్రాక్టు, మే మధ్యలో చేరాలి. "ముందు టూరిస్టుగా వచ్చేయండి, వీసా ఇక్కడ మార్పిస్తాం" అంటున్నారు. సర్వీసు చార్జీ లక్షన్నర రూపాయలు. ఇందులో ఏది మామూలు, ఏది తేడా? ఏయే కాగితాలు ఇక్కడే సిద్ధం చేసుకోవాలి? ఆ జీతంతో ఒక మనిషి బతికి ఇంటికి కాస్త పంపగలదా? క్లాసులో మన ఇంగ్లీష్ చెల్లుతుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

ఇసాన్_మాస్టారు:

అమ్మా, ముందు లక్షన్నర సంగతి. విదేశీ ఉద్యోగానికి మన ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు తీసుకోగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఏజెంటు నమోదై ఉన్నాడో లేదో ఇ-మైగ్రేట్ పోర్టల్లో చూసుకోవచ్చు. అక్కడి స్కూళ్లకు టీచర్లను పెట్టే థాయ్ ఏజెన్సీలు మామూలుగా టీచర్ దగ్గర డబ్బు తీసుకోవు, స్కూలు ఇచ్చే మొత్తంలోంచి తమ వాటా మిగుల్చుకుంటాయి. రెండు చివర్లా తీసుకునేవాడిని వదిలేయడమే మంచిది.

"టూరిస్టుగా వచ్చి మార్చుకోవడం" పూర్తిగా అబద్ధం కాదు. గడువు కనీసం 15 రోజులు మిగిలి ఉంటే, స్కూలు కాగితాలన్నీ చేతిలో ఉంటే, ఇమిగ్రేషన్ ఆఫీసులో 2,000 బాత్ కట్టి నాన్-ఇమిగ్రెంట్ బి వీసాకు (ఉద్యోగానికి వచ్చేవాళ్లకు ఇచ్చేది, నాన్-బి అంటారు) మారొచ్చు. చిక్కెక్కడంటే, ఈ లోపు మే 16న బడి తెరుస్తారు, మిమ్మల్ని క్లాసులోకి పంపేస్తారు. వర్క్ పర్మిట్ లేకుండా పాఠం చెప్తే 5,000 నుంచి 50,000 బాత్ దాకా జరిమానా వేసి దేశం నుంచి పంపేస్తారు, రెండేళ్లపాటు మళ్లీ పర్మిట్ ఇవ్వరు. పట్టుబడేది మీరు, ఏజెన్సీ కాదు.

సరైన వరస ఇది. స్కూలు నుంచి కాంట్రాక్టు, ఆహ్వాన పత్రం, స్కూలు రిజిస్ట్రేషన్ కాగితాల నకళ్లు తెప్పించుకోవాలి. వాటితో ఇక్కడి నుంచే ఆన్‌లైన్లో నాన్-బి వీసాకు దరఖాస్తు పెట్టాలి. అది 90 రోజులకు వస్తుంది. థాయ్‌లాండ్‌లో దిగే ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి (2025 మే 1 నుంచి తప్పనిసరి). దిగాక మెడికల్ సర్టిఫికెట్, టీచర్స్ కౌన్సిల్ తాత్కాలిక అనుమతి, కార్మిక శాఖ దగ్గర వర్క్ పర్మిట్, ఆ తర్వాత 1,900 బాత్ కట్టి బస పొడిగింపు. ఆ కౌన్సిల్ పేరు ఖురుసఫా, అంటే మన గురుసభే. వాళ్ల తాత్కాలిక అనుమతి రెండేళ్లకు ఇస్తారు, దరఖాస్తు స్కూలే పెట్టాలి. మీకు బి.ఎడ్. ఉంది కాబట్టి ముందు ముందు పూర్తి లైసెన్సుకు దారి సులువవుతుంది. ఏదో ఒక డిగ్రీ మీద వచ్చినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

మన పాస్‌పోర్టుకు ఇంగ్లీష్ మాతృభాష కింద లెక్కకు రాదు. ఎం.ఏ. ఇంగ్లీష్ ఉన్నా సరే టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్షలో 600 (990కి) అడుగుతారు. ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా రాసి పెట్టుకోకండి.

పాస్‌పోర్టులో ఇ.సి.ఆర్. ముద్ర (కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లే ముందు మన ప్రభుత్వ అనుమతి కావాలని అర్థం) ఉందేమో ఈ రోజే చూడండి. ఆ 18 దేశాల జాబితాలో థాయ్‌లాండ్ కూడా ఉంది. పదో తరగతి రుజువు పెట్టకుండా తీసిన పాత పాస్‌పోర్టయితే ముద్ర ఉండిపోయి ఉంటుంది. డిగ్రీ ఉన్నా ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. సర్టిఫికెట్లు పెట్టి తీయించేసుకోండి.

ఇంకొకటి. ఉద్యోగం "తాక్ రాష్ట్రం, మే సోట్" అన్నారంటే, లేదా బ్యాంకాక్‌లో దిగాక కారు పంపుతామన్నారంటే ఫోన్ పెట్టేయండి. అక్కడ నది దాటితే మయన్మార్. ఉద్యోగాల పేరుతో మనవాళ్లను ఆ దారిన సైబర్ మోసాల డెన్లలోకి తోలేస్తున్నారని 2022లోనే విదేశాంగ శాఖ హెచ్చరించింది. 2025లో వందల మందిని వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. స్కూలు పేరు థాయ్ లిపిలో అడిగి తీసుకోండి, మ్యాప్‌లో వెతకండి, స్కూలు ఫోన్‌కే నేరుగా చేయండి. అసలు స్కూలైతే అందులో ఇంగ్లీష్ విభాగం ఉంటుంది, ఎవరో ఒకరు మాట్లాడతారు.

చిల్లర_లెక్క:

డబ్బు గురించి నేను చెప్తా. పది నెలల 28,000 అంటే ఏడాదికి 2,80,000. పన్నెండు నెలల 25,000 అంటే 3,00,000. పైకి తక్కువ కనిపించే కాంట్రాక్టే ఎక్కువ ఇస్తుంది. ఏజెన్సీ కాంట్రాక్టులు ఎక్కువగా పది, పదకొండు నెలలవే. మార్చి చివర్లో బడి మూస్తారు, ఏప్రిల్‌లో జీతం ఉండదు, అద్దె మాత్రం ఉంటుంది. అక్టోబరులో రెండు, మూడు వారాల సెలవులకు కూడా కోత పెడతారేమో కాంట్రాక్టులో చూడండి. "రోజుకు ఇంత" అని రాసి ఉంటే కోస్తారనే అర్థం.

ఈశాన్యంలో ఒక గది 3,500 నుంచి 6,000 బాత్‌కు దొరుకుతుంది. రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు. మోసం జరిగేది కరెంటు దగ్గర. ప్రభుత్వ రేటు యూనిట్‌కు 4 బాత్ ప్రాంతంలో ఉంటే అపార్ట్‌మెంటువాళ్లు 7, 8 వేస్తారు. ఏప్రిల్, మేలో ఏసీ నడిస్తే బిల్లు అద్దెలో సగానికొస్తుంది. గది చూసేటప్పుడే యూనిట్ ధర అడగండి. బియ్యం, కూరగాయలు చవకే. కందిపప్పు, ఆవకాయ మాత్రం మన దగ్గర్నుంచే. శాకాహారులైతే "జే" అనే పదం నేర్చుకోండి, పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉంటుంది. అది లేనిచోట కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తారు.

మొదటి జీతం నెలాఖరుకు వస్తుంది, ఒక్కోసారి బ్యాంకు ఖాతా తెరవడానికే వర్క్ పర్మిట్ అడిగి ఇంకో నెల జరుగుతుంది. కాబట్టి చేతిలో 50,000 బాత్ లేకుండా దిగొద్దు. అంతా కుదురుకున్నాక పొదుపుగా ఉంటే 28,000లో 10,000 దాకా మిగులుతుంది. బాత్ రెండున్నర రూపాయల పైన నడుస్తోంది, లెక్క మీరే వేసుకోండి. కుటుంబాన్ని పోషించే జీతం కాదిది, ఒంటరి మనిషి జీతం.

పన్ను: ఆదాయంలో సగం (గరిష్ఠంగా 1,00,000) ఖర్చుల కింద, 60,000 వ్యక్తిగత మినహాయింపు కింద పోతాయి. మిగిలినదాంట్లో మొదటి 1,50,000 మీద పన్ను లేదు, ఆపై 3,00,000 దాకా 5 శాతం. మీ 2,80,000 మీద మిగిలేది 1,20,000, అంటే పన్ను సున్నా. అయినా కొన్ని ఏజెన్సీలు నెలనెలా 3 శాతం పట్టుకుంటాయి. ఏడాది చివర "యాభై థవి" అనే కాగితం (థవి అంటే మన ద్వి) అడిగి తీసుకుని, మార్చి నెలాఖరులోపు రిటర్ను వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. అడగకపోతే ఇవ్వరు.

ఇండియా వైపు: ఉద్యోగం కోసం వెళ్లే ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటే నాన్ రెసిడెంట్ కింద వస్తారు. మే మధ్యలో వెళ్తున్నారు కాబట్టి మధ్యలో ఎక్కువ రోజులు ఇంటికొచ్చి కూర్చోకపోతే చాలు. సేవింగ్స్ ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా (విదేశాల్లో ఉండేవాళ్ల ఇక్కడి డబ్బుకు) మార్పించాలి, అక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరవండి.

నాలుక_మడత:

మన ఇంగ్లీష్ చెల్లుతుందా అన్నారు కదా, అసలు ప్రశ్న అదే. చెల్లుతుంది, కానీ ఇక్కడ ఎలా చెప్తున్నారో అలా కాదు.

అమెరికన్ యాస నేర్పే కోర్సులకు డబ్బు పోయకండి. డెమో క్లాసులో దొరికిపోయేది యాస కాదు, ఐదారు శబ్దాలు. మనం మాట చివర అచ్చు తగిలిస్తాం, "బస్సు", "బుక్కు". థాయ్ పిల్లలు దానికి పూర్తిగా వ్యతిరేకం: చివరి హల్లును మింగేస్తారు. వాళ్ల భాషలో మాట చివర వచ్చే హల్లులు కొన్నే, అందుకే బస్ "బత్" అవుతుంది, ఫుట్‌బాల్ "ఫుట్‌బాన్" అవుతుంది. మీరు "బస్సు" అంటే వాళ్లు రెండు అక్షరాల మాట అనుకుంటారు. చివరి హల్లు దగ్గర ఆగడం అలవాటు చేసుకోండి.

రెండోది పెన్. మనం అల్పప్రాణంగా "పెన్" అంటాం. ఇంగ్లీషులో మాట మొదట్లో వచ్చే ప, ట, క శబ్దాలకు గాలి వదలాలి. తెలుగువాళ్లకు ఇది పట్టించుకోనవసరం లేని తేడా. థాయ్ చెవికి మాత్రం ప వేరు, గాలితో పలికే ఒత్తు ఫ వేరు, అవి వేర్వేరు అక్షరాలు. గాలి లేకుండా అంటే పిల్లలకు అది వేరే మాటలా వినిపిస్తుంది. నోటి ముందు సన్నటి కాగితం పట్టుకుని అనండి, కాగితం కదలాలి.

మూడోది, వెస్ట్ అనే రెండు మాటలు: దిక్కు ఒకటి, చేతుల్లేని కోటు ఒకటి. మనకూ ఒకే వ, వాళ్లకూ ఒకే వ. మీ నోట్లో తేడా స్థిరపడేదాకా ఆ పాఠం ముట్టుకోకండి. ఒకదానికి పెదాలు గుండ్రం, ఇంకోదానికి పైపళ్లు కింది పెదవి మీద ఆని మోగాలి.

డెమో ఇరవై నిమిషాలు ఇస్తారు. మన బి.ఎడ్. లెసన్ ప్లాన్ అక్కడ మునుగుతుంది, ఎందుకంటే అందులో టీచర్ మాటే ఎక్కువ. కొత్త మాటలు ఆరు, వాక్యం నమూనా ఒక్కటి, అంతకు మించొద్దు. బొమ్మ చూపించి మూడుసార్లు అందరిచేతా, తర్వాత వరసలవారీగా, తర్వాత జంటలుగా, చివర ఐదు నిమిషాలు ఆట. సూచనలు నాలుగు మాటల్లోపు. ఒక్కర్నే లేపి అడగొద్దు. తప్పు చెప్తే పరువు పోతుందని నోరు విప్పరు, అది రానట్టు కాదు. క్రియలకు కాలం మారడం, బహువచనం, ఆర్టికల్స్, ఇవేవీ థాయ్‌లో లేవు. "యెస్టర్‌డే ఐ గో" అంటే బద్ధకం అనుకోకండి.

క్లాసుకు 40 నుంచి 50 మంది, వారానికి 18 నుంచి 25 పీరియడ్లు, పీరియడ్ 50 నిమిషాలు. ఉదయం ఎనిమిదికి జెండా దగ్గర ఉండాలి. ఇంచుమించు ఎవరినీ ఫెయిల్ చేయలేరు, సున్నా వేస్తే మళ్లీ పరీక్ష మీరే పెట్టాలి. పేపర్లు దిద్దేటప్పుడే రెండో పరీక్ష ప్రశ్నలు రాసి పెట్టుకోవడం తెలివైన పని.

పనికొచ్చే మాట ఇంకొకటి: టోన్లు ఐదు, అవి ఏడిపిస్తాయి. అక్షరాలు మాత్రం మనవాళ్లకు తేలిక, క, ఖ వరసలోనే ఉంటాయి. ఫాసా అంటే భాష, ఆహాన్ అంటే ఆహారం, అజాన్ అంటే ఆచార్య.

వరంగల్_పోరడు:

అక్కా, కొరియా గురించి కూడా అడుగుతరని ముందే చెప్తున్న. అక్కడ ఇ-2 వీసా (భాష నేర్పే టీచర్లకు ఇచ్చేది) ఇంగ్లీష్ మాతృభాషగ ఉన్న ఏడు దేశాలోళ్లకే. 2010 జనవరి నుంచి అమలైన భారత్-కొరియా ఒప్పందంల టీచర్ అర్హత ఉన్న మనోళ్లకు ప్రభుత్వ బడులల్ల అసిస్టెంటుగ వీలుంది గని, కాగితం మీదనే ఎక్కువ. చైనా కూడ మాతృభాష లెక్క చూస్తది. అందుకే మనోళ్లు థాయ్‌లాండే చూసుకుంటరు. సైన్సో లెక్కలో చెప్పగలిగితే ఇంగ్లీష్ ప్రోగ్రాం ఉన్న బడులల్ల ఆ పోస్టులు అడుగుండ్రి, అక్కడ పాస్‌పోర్టు రంగు అంతగ చూడరు.

ఖమ్మం_టీచరమ్మ:

అందరికీ ధన్యవాదాలు. ఏజెన్సీకి "వీసా వచ్చాకే బయలుదేరతా" అని రాశాను, ఇంకా జవాబు లేదు. ఒక సందేహం మిగిలింది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంది, డిగ్రీలో ఇనీషియల్ మాత్రమే ఉంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇది అడ్డమా?

ఇసాన్_మాస్టారు:

అడ్డమే. థాయ్ ఆఫీసులో పేరు అక్షరం అక్షరం పోలుస్తారు. ఇనీషియల్ అంటే ఇంటిపేరు అని వాళ్లకు తెలియదు. ముందు పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో పెట్టించండి, మిగతావన్నీ దానికే సరిపోవాలి. డిగ్రీకి, పాస్‌పోర్టుకు ఉన్న తేడాకు ఇద్దరూ ఒక్కరేనని నోటరీ అఫిడవిట్ తీసుకుని, దాన్ని కూడా డిగ్రీతో పాటు అటెస్ట్ చేయించండి. పోలీస్ క్లియరెన్స్‌కు (పాస్‌పోర్టు సేవలో 500 రూపాయలు) కొత్త పాస్‌పోర్టు వచ్చాకే పెట్టండి, లేకపోతే రెండుసార్లు కట్టాలి.

అటెస్టేషన్ వరస: రాష్ట్ర విద్యాశాఖ, తర్వాత విదేశాంగ శాఖ (దరఖాస్తు హైదరాబాద్‌లోనే ఇవ్వొచ్చు), ఆ తర్వాత థాయ్ ఎంబసీ. ప్రొవిజనల్ పనికిరాదు, కాన్వొకేషన్ పట్టానే కావాలి. అది ఇంకా తీసుకోకపోతే యూనివర్సిటీకి ఈ వారమే దరఖాస్తు పెట్టండి, అన్నిటికంటే ఆలస్యమయ్యేది అదే. కన్సాలిడేటెడ్ మార్కుల మెమో కూడా జత చేయండి. పట్టా ల్యామినేషన్ చేయించి ఉంటే ముద్ర వేయడానికి వీలుండదు. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో ఊడదీయాలని మాత్రం చూడకండి, సిరా ప్లాస్టిక్‌తో పాటు లేచి వస్తుంది. డూప్లికేట్‌కు యూనివర్సిటీనే అడగండి.

చేరాక గుర్తుంచుకోవాల్సినవి: దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని టి.ఎం. 30 (విదేశీయులు తన ఇంట్లో ఉంటున్నారని ఇమిగ్రేషన్‌కు తెలిపే ఫారం) వేయాలి, అది లేకపోతే పొడిగింపు కౌంటర్లో వెనక్కి పంపుతారు. 90 రోజులకోసారి టి.ఎం. 47 (మీరు ఉంటున్న చిరునామా తెలిపే ఫారం), గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా వేయొచ్చు, దాటితే 2,000 బాత్. సంక్రాంతికి ఇంటికి రావాలంటే వచ్చేముందు రీ-ఎంట్రీ పర్మిట్ (ఒక్కసారికి 1,000, ఎన్నిసార్లయినా 3,800). అది లేకుండా విమానం ఎక్కితే ఏడాది పొడిగింపు అక్కడితో రద్దు, మళ్లీ మొదటి నుంచి. ఉద్యోగం మానేసిన రోజే బస గడువు కూడా అయిపోతుంది, కాబట్టి రాజీనామా తేదీని టికెట్ తేదీ చూసుకుని రాయండి.