ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు: నేనే విప్పుకోవచ్చా, షెడ్డుకే ఇవ్వాలా?

పాతకారు_ప్రేమికుడు:
నా కారుకు పదకొండేళ్లు. బ్రేక్ ప్యాడ్లు, ఆల్టర్నేటర్, రేడియేటర్ అన్నీ నేనే మార్చుకుంటాను. పది రోజులుగా డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు. హారన్ కూడా స్టీరింగ్ ఎడమకి తిప్పితే మోగుతోంది, నేరుగా ఉంటే మోగడం లేదు. షెడ్డులో కారు కంప్యూటర్ లోపం ఎక్కడో చూపించే కోడ్ కూడా చదవకుండా "క్లాక్ స్ప్రింగ్ పోయింది, మార్చేద్దాం" అన్నారు. పార్టు బయట దొరుకుతోంది, ఎలా మార్చాలో వీడియోలూ ఉన్నాయి. నేనే చేసుకుంటే తెలివా, తలబిరుసా?

గ్రీజు_చేతులు:
నేను ఈ పనే చేస్తాను కాబట్టి చెబుతున్నా, వద్దు. వాళ్ల ఊహ కరెక్టే కావచ్చు. క్లాక్ స్ప్రింగ్ అంటే స్టీరింగ్ వెనక ఉండే రిబ్బన్ లాంటి తీగచుట్ట. స్టీరింగ్ తిరిగినప్పుడల్లా చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంటుంది. హారన్, ఎయిర్‌బ్యాగ్ రెండింటి కరెంటూ దాని గుండానే పోతుంది. అందుకే రెండూ కలిసి మొరాయిస్తాయి.

కానీ దాన్ని చేరాలంటే ముందు ఎయిర్‌బ్యాగ్ తీయాలి. అది మందుగుండు నింపిన డబ్బా. రెప్ప వేసేలోపే విచ్చుకునే వస్తువును ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారా? పైగా బ్రేకులు చేస్తే సందులో నాలుగుసార్లు తొక్కి చూసుకోవచ్చు. ఇది సరిగ్గా బిగించారో లేదో గుద్దితే తప్ప తెలియదు.

అడిగితే_తప్పా:
అన్నా, షెడ్డులో మాత్రం గోడకు గుద్ది చూసి ఇస్తారా?

కారు స్టార్ట్ చేసినప్పుడల్లా ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ ప్రతి సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ కొలుచుకుంటుంది. బాగుంటే లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోతుంది. మీకైనా మాకైనా ఉన్న పరీక్ష అదొక్కటే. మా వాడు సీటు కింద పడిన బొమ్మ కోసం చెయ్యి పెట్టి ఎయిర్‌బ్యాగ్ తీగల పసుపు కనెక్టర్ కదిపేశాడు, లైటు వెలిగింది. బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, ఆ కనెక్టర్ టక్‌మనేదాకా నొక్కా. తర్వాత స్కానర్‌తో కోడ్ తుడిపించా, అంతే. దీనికి కూడా రోజంతా షెడ్డులో కూర్చోవాలా?

రెండోచేతి_బండి:
ఆ లైటును అంతగా నమ్మకండి. నేను కొన్న సెకండ్ హ్యాండ్ కారులో లైటు పద్ధతిగా వెలిగేది, పద్ధతిగా ఆరేది. వేరే పని మీద స్టీరింగ్ మధ్య కవర్ తీయిస్తే లోపల బ్యాగే లేదు. రెండు తీగల మధ్య చిన్న రెసిస్టర్ పెట్టి నల్ల టేపు చుట్టారు. కంప్యూటర్ కొలిచేది రెసిస్టెన్స్ ఒక్కటే కదా, ఉందనుకుంది. ఏడాది పాటు పిల్లల్ని ఎక్కించుకుని తిరిగా.

అడిగితే_తప్పా:
అది ఇంట్లో చేసిన పని అంటారా, షెడ్డు పనా?

రెండోచేతి_బండి:
ఎవరిదో తెలియదు. టేపు మాత్రం చాలా నీటుగా చుట్టారు.

గ్రీజు_చేతులు:
సరే, కొంత దిగొస్తాను. ఊడిన కనెక్టర్, కోడ్ చదవడం, వీటికి నాకు అభ్యంతరం లేదు. మామూలు ఓబీడీ స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చూపిస్తాయి, ఎస్‌ఆర్‌ఎస్, అంటే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ కోడ్లు చదివేది కావాలి. క్లాక్ స్ప్రింగ్ సగం సగం. బ్యాటరీ నెగటివ్ తీసినా కంప్యూటర్ లోపలి కెపాసిటర్‌లో బ్యాగును పేల్చేంత కరెంటు కాసేపు మిగిలే ఉంటుంది, గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తెగిపోయినా పనిచెయ్యాలని అలా పెడతారు. ఎంతసేపు ఆగాలో మీ మోడల్ మాన్యువల్లో ఉంటుంది, అంతసేపూ ఆగాలి. తీసిన బ్యాగును బోర్లా పెట్టొద్దు, పేలితే గాల్లోకి లేస్తుంది. కవర్ వైపు పైకి ఉంచాలి. పట్టుకెళ్లేటప్పుడు ఆ వైపు మీ ఒంటికి దూరంగా ఉండాలి. మల్టీమీటర్ పిన్నులు బ్యాగుకు ఆనించొద్దు.

అసలు చిక్కు ఇవేవీ కావు, సెంటర్ చేయడం. కొత్త చుట్టను మధ్యలో నిలిపి, చక్రాలు నేరుగా ఉంచి బిగించాలి. అటో ఇటో ఉంటే ఆ రోజు లైటు ఆరుతుంది, మీరూ సంబరపడతారు. తర్వాత ఏదో ఒకరోజు పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే రిబ్బన్ తెగుతుంది.

ఇక కంప్యూటర్, గుద్దుకోగానే సీటు బెల్ట్‌ను బిగించే ప్రీటెన్షనర్, ముందు సీటులో మనిషి ఉన్నాడో లేడో చూసే సెన్సర్, ఒకసారి పేలిన బ్యాగులు, వీటి జోలికి మాత్రం పోవద్దు. తుక్కు బళ్ల నుంచి తెచ్చిన బ్యాగులు అసలు వద్దు. టకాటా అనే ఎయిర్‌బ్యాగ్ కంపెనీ సంగతి తెలుసు కదా, బ్యాగును ఉబ్బించే వాళ్ల ఇన్‌ఫ్లేటర్లలోని మందు, అమ్మోనియం నైట్రేట్, ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడై, పేలినప్పుడు లోహపు ముక్కలు మనిషి మీదికి వచ్చాయి. కోట్ల బళ్లు వెనక్కి పిలిచారు, 2017లో కంపెనీ దివాలా తీసింది. తుక్కులో దొరికిన బ్యాగు ఏ ఎండలో ఎన్నేళ్లు ఉందో ఎవరు చెప్పగలరు? ఛాసిస్ నంబరుతో మీ కారుకు రీకాల్ ఉందేమో ముందు చూసుకోండి, ఉంటే ఆ పని ఉచితంగానే చేస్తారు.

పాతకారు_ప్రేమికుడు:
అప్‌డేట్. రీకాల్ లేదు. స్నేహితుడి స్కానర్ పెడితే డ్రైవర్ బ్యాగు సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువని చూపించింది, అంటే ఊహ దాదాపు నిజమే. నేను తెప్పించిన పార్టుకు మధ్యలో కదలకుండా పట్టే లాక్ పిన్ లేదు. దారిలో ఎవరు ఎటు తిప్పారో ఏమో! గ్రీజు గారి మాట గుర్తొచ్చి అక్కడితో ఆపి, బండి షెడ్డుకే తీసుకెళ్లా.

అక్కడ కుర్రాడు వచ్చీరాగానే స్టీరింగ్ పక్కన స్క్రూడ్రైవర్ దూర్చాడు. బానెట్ కూడా ఎత్తలేదు. "బాబూ, బ్యాటరీ తీయవా?" అంటే, "ఏం కాదు సార్, రోజూ చేసేదే" అని నవ్వాడు. తాళం తీసుకుని వచ్చేశా.

అడిగితే_తప్పా:
నేనేం అనడం లేదు అన్నా.

గ్రీజు_చేతులు:
అనండి, పడతాను. మాలోనూ ఉన్నారు అలాంటివాళ్లు.

పాతకారు_ప్రేమికుడు:
లైటు ఇంకా వెలుగుతూనే ఉంది, బండి ఇంట్లోనే ఉంది. సోమవారం ఇంకో చోట టైమ్ ఇచ్చారు. ఫోన్‌లోనే అడిగా, నెగటివ్ తీశాక ఎంతసేపు ఆగుతారని. అవతలాయన ఒక్క క్షణం ఆగి, "మాన్యువల్ చూసి చెబుతానండీ" అన్నారు. అక్కడికే తీసుకెళుతున్నా.